మోటారు పందెము - నా ఛాయాచిత్రములు

ఛాయాచిత్రములు తీయుటలో నేను నేర్పరిని గాను. కొన్నేండ్ల క్రిందట మా తమ్ముడు క్రొత్త కెమెరా కొనుక్కొని, తన పాతదానిని "ముగ్గుల ఫోటోలు తీసుకో అక్కా" అని నా చేతిలో పెట్టి పోయెను. నాటినుండి సంక్రాంతి ముగ్గులు, బొమ్మల కొలువు, తులసికోట, మావారి పాఠశాలలో ఏటేట పదవ తరగతి పిల్లలను వరుసగా నిలువబెట్టి తీయు పటము, ఇవియే నా విద్యకు హద్దులు. ఆలోచించి చూడగా ఇవన్నియు నిలిచియుండు వస్తువులే. పిల్లలు కొంత కదలినను, "కదలకండిరా" యని మావారు ఒక్క మాట గద్దించినచో వారును స్తంభములవలె నిలిచిపోవుదురు. గద్దించినను నిలువని వస్తువును పటము పట్టవలసి వచ్చినప్పుడు నేను పడిన పాట్లును, వానివలన మా యింట జరిగిన చిన్న సంగతియు మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది భువనగిరి. మావారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. మాకు ఒక్కడే కుమారుడు. 2023వ సంవత్సరారంభమున వాడు తండ్రిగారి పాఠశాలలోనే పదవ తరగతి చదువుచుండెను. వానికి చిన్ననాటినుండి బండ్లనిన ప్రాణము. సాయంకాలము లెక్కలు చేసికొనుటకు స్నేహితుని యింటికి పోవుచున్నానని నాతో చెప్పి, ఊరి చివర స్కూటర్లు బాగుచేయు షెడ్డులో కూర్చుండి నూనె మరకలు పూసికొని వచ్చెడివాడు. ఆ మరకలు నేను చూచితిని, చూచియు ఊరకుంటిని. ఆ తప్పు నాది. అర్ధసంవత్సర పరీక్షలో వానికి లెక్కలలో ఉత్తీర్ణతకు నాలుగు మార్కులు తక్కువ వచ్చినవి. ఆ కాగితమును దిద్దినది వాని తండ్రిగారే. ఆ వారముననే షెడ్డు సంగతియు బయటపడెను. "ఇంటరు చదివి ఇంజనీరు కావలసినవాడివి, నట్లు బోల్టులు తుడుస్తూ కూర్చుంటావా?" అని వారు కోపపడిరి. "నేను ఇంటరు చదవను, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదువుతాను" అని వాడు తలయెత్తి బదులు చెప్పెను. మా యింట తండ్రికి ఎదురుచెప్పుట అదియే ప్రథమము.

నాటినుండి తండ్రికొడుకులకు మాటలు లేవు. ఒకే పీటవరుసలో కూర్చుండి భోజనము చేయుదురు; "పెరుగు కావాలేమో అడుగు" అని వారు నాతోననుదురు; "వద్దని చెప్పమ్మా" యని వాడు నాతోననును. రెండు నెలలు ఇట్లు గడచినవి. ఇంటిలో పోట్లాట కలిగినచో అది ఎప్పటికైన చల్లారును గాని, ఈ మౌనము చల్లారునది కాదు, గట్టిపడునది. దీనికంటె కేకలే మేలని నాకు పలుమారు తోచెను.

ఇంతలో హైదరాబాదున చిక్కడపల్లిలో నున్న మా చెల్లెలి భర్త, తన కార్యాలయము వారిచ్చిన మూడు టిక్కెట్లు తమకు అక్కరలేదని మాకు పంపెను. అవి మోటారు కార్ల పందెము చూచు టిక్కెట్లు. "పరీక్షలకు రెండు నెలలైనా లేవు, ఇప్పుడా ఈ తిరుగుళ్లు?" అని మావారు వానిని పెట్టెలో వేసిరి. నేను పెట్టెలోనుండి తీసి, "నాకు అక్కడ ఫోటోలు తీయాలని ఉంది. ఒక్కదాన్నే ఎట్లా పోతానండీ?" అని యడిగితిని. నాకు ఫోటోల యందుకంటె ఆ యిద్దరిని ఒక బల్లమీద రెండు దినములు కూర్చుండబెట్టుట యందే కోరిక యెక్కువగా నుండెను. వారికది తెలిసియే యుండును. శుక్రవారమునకు సెలవుచీటి వ్రాసిరి. శనివారము ఎట్లును రెండవ శనివారమే.

ఇక పందెము సంగతి. "ఫార్ములా ఈ" యను పేర విద్యుత్తుతో నడచు కార్లకు పెక్కు దేశముల నగరములలో పందెములు జరుగును. 2023 ఫిబ్రవరి 11వ తేదీన ఆ పందెము హైదరాబాదున హుస్సేన్ సాగరు ఒడ్డున జరిగెను. ఢిల్లీకి సమీపమున గ్రేటర్ నోయిడాలో 2011 మొదలు 2013 వరకు ఫార్ములా వన్ పందెములు జరిగిన పిమ్మట, ప్రపంచస్థాయి కార్ల పందెము మన దేశమునకు వచ్చుట అదియే మొదలు. నిత్యము బస్సులును ఆటోలును తిరుగు రోడ్లనే సిమెంటు దిమ్మెలతోను, వానిపై ఇనుపతీగల వలతోను ఇరువైపుల బంధించి, 18 మలుపులు గల 2.83 కిలోమీటర్ల బాటగా మార్చిరి. ఒకవైపు సాగరము నడుమ బుద్ధవిగ్రహము, ఇంకొకవైపు అప్పటికి ప్రారంభోత్సవము కాని క్రొత్త సచివాలయము. బాట వెంబడి ఇనుప గొట్టములతో తాత్కాలికముగా నిలిపిన గ్యాలరీలు. వానిలో ఒకదానియందు మాకు చోటు దొరికెను.

మోటారు పందెమనిన చెవులు చిల్లులు పడునని విని, నేను చేతిసంచిలో ముగ్గురికి సరిపడు దూది తీసికొనిపోతిని. శుక్రవారము సాయంకాలము అభ్యాసపు పరుగునకు మొదటి బండి వచ్చినప్పుడు ఆ దూది ఎందుకును పనికిరాకపోయెను. ఆ బండ్లలో పెట్రోలు మండదు గనుక ఉరుమువంటి చప్పుడు లేదు. తుమ్మెదల గుంపును సన్నని గొట్టములో బంధించి ఒక్కసారి వదలినట్లు కూత. అది చెవి సోకునప్పటికి బండి ముందునకు పోయియే యుండును. పోయినదని తెలిసికొనులోపల మరియొకటి. ఇట్లు 22 బండ్లు.

ఆ సాయంకాలము నేను తీసిన పటములను తలచుకొనిన నాకిప్పటికిని నవ్వు వచ్చును. బండి కనబడిన తోడనే మీట నొక్కితిని. పటములో ఖాళీ రోడ్డు పడెను. ఇదికాదని బండి రాకమునుపే నొక్కితిని. మరల ఖాళీ రోడ్డే. కొన్నిటిలో ఒక చక్రము అంచు, కొన్నిటిలో తోకభాగము. బండి పూర్తిగా పడిన వానిలోనో, కెమెరా కన్ను ఎదుటనున్న తీగల వలపైననే నిలిచిపోయినందున, ఆ తీగల ముడులు ఒక్కొక్కటి లెక్కింప వీలగునట్లు స్పష్టముగా నుండి, వెనుక బండి మాత్రము ఒలికిన రంగువలె నుండెను. తుదకు షట్టరు వేగమును సెకనులో వెయ్యవవంతునకు పెట్టితిని. ఈసారి బండి చక్కగా పడినది; కాని చక్రములు సయితము కదలనట్లు పడినవి. సచివాలయము ముందర ఎవరి కొరకో ఆపియుంచిన బండివలె నుండెను.

ఆ రాత్రి మా చెల్లెలి యింట భోజనములైన పిమ్మట రెండువందల పైచిలుకు పటములను చూపితిని. అందరును నవ్విరి. మా అబ్బాయి మాత్రము నవ్వక, "అమ్మా, ఇందులో పరుగు లేదు" అనెను. మావారు ఆ మాట విననట్లే యుండి, కొంతసేపటికి నాతో, "గంటకు నూట ఇరవై కిలోమీటర్లంటే సెకనుకు ముప్పైమూడు మీటర్లు. వెయ్యోవంతు సెకనులో మూడు సెంటీమీటర్లే కదులుతుంది. అందుకే ఆగినట్లు కనిపిస్తోంది. నూట ఇరవై అయిదోవంతు పెడితే ఇరవై ఆరు సెంటీమీటర్లు కదులుతుంది, జానెడు కంటే ఎక్కువ" అనిరి. "అప్పుడు బండి అలికినట్లు పడుతుంది కదండీ" అంటిని. దానికి వారు బదులు చెప్పలేదు. అబ్బాయియే గోడవైపు చూచుచు, "బండితోపాటు కెమెరా కూడా తిరిగితే అలకదు" అనెను.

నాకు ఆ రాత్రి నిదుర పట్టలేదు. మా తండ్రిగారు నన్ను బడికి పంపినది తక్కువ, తమ యరుగుమీద కూర్చుండబెట్టి భారతము చదివించినది ఎక్కువ. ఆరణ్యపర్వములోని నలోపాఖ్యానము నాకు మనసునకు వచ్చెను. మీరును చదివియే యుందురు. దమయంతి రెండవ స్వయంవరమను వార్త విని ఋతుపర్ణమహారాజు ఒక్క దినమున విదర్భకు పోవలసియుండగా, బాహుకుడను మారుపేరుతోనున్న నలుడు రథము తోలెను. రాజు ఉత్తరీయము జారిపడెను. నిలుపుమని చెప్పునప్పటికే రథము యోజనము దూరము దాటిపోయెను. అంతటి వేగములో పోవుచు ఋతుపర్ణుడు త్రోవలోని తాండ్రచెట్టును చూచి, దాని ఆకులును కాయలును ఇన్నియని లెక్క చెప్పెను. బాహుకుడు దిగి లెక్కించి చూడగా సరిపోయెను. చిన్ననాడు ఈ కథ చదివి, "అంత వేగంలో ఎట్లా లెక్కపెట్టాడు నాన్నగారూ?" అని నేను అడిగితిని. "చూపును చెట్టు మీదినుంచి తీయలేదమ్మా; రథం పోతున్న కొద్దీ చూపును తిప్పుతూ వచ్చాడు" అని వారు చెప్పిరి. ఋతుపర్ణుడు తాను కదలుచు నిలిచిన చెట్టును చూచెను. నేను నిలిచి కదలు రథమును చూడవలెను. రెండింటికిని ఉపాయమొక్కటే.

శనివారము ఉదయము ఎవరు ముందు నిలువవలెనో తేల్చు పరుగులు జరుగుచుండగా నేను అభ్యాసము చేసితిని. పై వరుసకు పోయి కూర్చుంటిమి. నా కుడిప్రక్కన అబ్బాయి, వాని ప్రక్కన మావారు. బండ్లు మా యెడమవైపు మలుపునుండి వచ్చి కుడివైపునకు పోవును. రోడ్డుమీది యొక తెల్లని గీతపై కెమెరా కన్నును ముందుగనే నిలిపి, ఇక తీగల వలవైపు పోకుండ దానిని బంధించితిని. షట్టరును నూటయిరువదియైదవ వంతునకు తెచ్చితిని. పాదములు కదల్పక, మోచేతులు ప్రక్కలకు ఆనించి, మలుపులోనే బండిని పట్టుకొని, నడుము మాత్రము త్రిప్పుచు, బండి నా యెదుటికి వచ్చినప్పుడు మెల్లగా మీట నొక్కి, నొక్కిన పిమ్మటను త్రిప్పుచునే పోవలెను. నొక్కగానే ఆగినచో పటము చెడును. ముగ్గుగీత లాగునప్పుడు నడుమ చేయి ఆపినచో గీత తెగి పిండి కుప్పపడును గదా, అట్టిదే ఇదియు.

అయితే ఏ బండి ఎప్పుడు మలుపు తిరుగునో తెలియకున్న నడుము సిద్ధముగా నుండదు. మావారు చేతిగడియారము చూచి లెక్క కట్టసాగిరి. ఒక బండి చుట్టు తిరిగి మరల వచ్చుటకు నిమిషంబావునకు కొంచెము ఇటునటు. "నలుపు బంగారు రంగు బండి ఇంకో పన్నెండు సెకన్లకు వస్తుంది" అని నాతో చెప్పిరి. "అమ్మా, ఆ మలుపు దగ్గర అతను ముందుగానే బ్రేకు వేస్తున్నాడు. ఒక సెకను కలుపుకోవాలని చెప్పు" అని వాడు నాతో చెప్పెను. "సెకను కాదు, అర సెకనే అని చెప్పు" అని వారు. "చక్రం వంపు చూస్తే తెలుస్తుందని చెప్పమ్మా" అని వాడు. నా కన్ను కెమెరాలో నున్నది, చెవులు రెండింటిలో వీరి మాటలు. నాకు విసుగు వచ్చి, "నన్ను మధ్యలో పెట్టి ఇట్లా చెబుతూ ఉంటే నాకు బండి కనిపించడం లేదు. మీలో మీరు తేల్చుకొని నాకు ఒక్క మాట చెప్పండి" అంటిని.

కొంతసేపు ఇద్దరును మాటాడలేదు. రెండు బండ్లు పోయినవి. అప్పుడు మావారు గడియారము మీదినుండి కన్ను తీయకయే, "పద్నాలుగు సెకన్లు. నువ్వేమంటావురా?" అనిరి. "పదిహేను, నాన్నగారూ" అని వాడనెను. బండి పదునైదవ సెకనున వచ్చెను. రెండు నెలల తరువాత మా యింట తండ్రియు కొడుకును మాటాడుకొనిన మొదటి మాటలు ఈ అంకెలు రెండు.

మధ్యాహ్నము మూడు గంటలకు పందెము మొదలయ్యెను. ఈ పందెమునందు నన్ను మిక్కిలి ఆకర్షించినది వేగము కాదు, పొదుపు. ప్రతి బండికిని బ్యాటరీలో ఇంత విద్యుత్తని హద్దు కలదు. ఆనాటి పందెములో నడుమ నింపుకొనుట లేదు. వేగముగా పోయినవాడు తుదివరకు చేరలేడు, దాచుకొనినవాడు వెనుకబడును. మలుపు దగ్గర బండిని నెమ్మది చేయునప్పుడు పుట్టు విద్యుత్తు మరల బ్యాటరీలో చేరును. పందెములో ఖర్చగు శక్తిలో నూటికి నలువది పాళ్లు ఇట్లు తిరిగి సంపాదించుకొనినదే యుండునని మా అబ్బాయి చెప్పెను. నెల మొదట వచ్చిన జీతమును ముప్పదియవ తేదీవరకు ఈడ్చుకొని వచ్చు మనకు ఈ విద్య క్రొత్తది కాదు. సోదరీమణులు ఈ పందెమును చూచినచో మగవారికంటె ముందుగనే దాని మర్మమును గ్రహింతురు.

జాగ్వార్ జట్టువారి బండ్లు రెండు. వానిలో మిచ్ ఎవాన్స్ అందరికంటె ముందు స్థానమునుండి బయలుదేరెను. పందెము సగము గాకముందే, ఒక మలుపులో అతని బండియు అదే జట్టులోని సామ్ బర్డ్ బండియు ఒకదానినొకటి తగిలి, రెండును పందెమునకు దూరమయ్యెను. మేమది పెద్ద తెరమీద చూచితిమి. చుట్టుప్రక్కలవారు అయ్యోయనిరి. "ఒకే జట్టు, రెండూ పోయాయి నాన్నగారూ" అని మా అబ్బాయి అనెను. "చూశానురా" అని మావారు అనిరి. ఆ తరువాత కొంతసేపటివరకు వారు గడియారమైనను చూడలేదు.

తుదకు ఫ్రాన్సు దేశస్థుడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. ఆ నలుపు బంగారు రంగు బండి అతనిదే. అతని వెనుక న్యూజీలాండు దేశస్థుడు నిక్ క్యాసిడీ అంటిపెట్టుకొని వచ్చెను. వెనుకవాని కంటె ముందువాని యొద్ద మిగిలిన శక్తి తక్కువ. అయినను దానినే జాగ్రత్తగా వాడుకొని, ఆనాటి 33 చుట్లును పూర్తిచేసి, అర సెకనుకు లోపు తేడాతో వెర్న్ గీత దాటెను. గ్యాలరీ యంతయు లేచి నిలిచెను. నేను నిలువలేదు, నడుము త్రిప్పుచుంటిని.

ఆ దినము తీసిన మూడువందల పటములలో నిలిచినవి రెండే. మొదటిది వెర్న్ బండి. బండి ప్రక్కనున్న అక్షరములు చదువవచ్చును. చక్రములు గుండ్రముగా తిరుగుచున్నవి. వెనుకనున్న దిమ్మెలు, జనము, అన్నియు కుంచెతో అడ్డముగా లాగిన గీతలవలె కరగిపోయినవి. విచిత్రమేమనగా, ముందునాడు నన్ను అంతగా ఏడిపించిన తీగల వల ఈ పటములో ఇంచుమించుగా కనబడదు. బండితోపాటు కన్ను తిరిగినప్పుడు అడ్డముగా నిలిచినది దానంతట అదియే మాయమగును.

రెండవది లెక్కకు చెడిన పటము. నడుము మరీ ఎక్కువగా త్రిప్పి, ఆలస్యముగా నొక్కితిని. బండి దాటిపోయెను. కుడివైపు అంచున రెండు చేతులు మసకగా పడినవి. ఒకటి గడియారము కట్టిన చేయి. రెండవది మలుపువైపు వ్రేలు చూపుచున్న చేయి. రెండును ఒకే దిక్కునకున్నవి. ముఖములు లేవు. మా తమ్ముడు చూచి "ఇది తీసెయ్యక్కా" అనెను. నేను తీసివేయలేదు.

ఉప్పలులో భువనగిరి బస్సు ఎక్కితిమి. మావారు కిటికీ ప్రక్కన కూర్చుండి చాల దూరము మాటాడలేదు. ఘటకేసరు దాటిన పిమ్మట, "ఒరేయ్, బ్రేకు వేసేటప్పుడు కరెంటు ఎట్లా పుడుతుంది?" అని యడిగిరి. వాడు చెప్పెను. మోటారే విద్యుత్తు పుట్టించు యంత్రమగునని, చక్రమునకున్న వేగమును తీసికొని బ్యాటరీకి ఇచ్చునని, చేతులు త్రిప్పుచు చెప్పెను. వారు రెండు మూడు ప్రశ్నలు వేసిరి. ఒకదానికి వాడు "తెలియదు నాన్నగారూ, అక్కడ లెక్క వస్తుంది" అనెను. "రేపు పొద్దున కూర్చుందాం. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షలోనూ అరవై మార్కులు లెక్కలవే" అని వారనిరి. ఒప్పుకొంటినని వారు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమును లేకపోయెను.

ఋతుపర్ణునికి లెక్క తెలియును, గుఱ్ఱముల మర్మము తెలియదు. నలునికి గుఱ్ఱముల మర్మము తెలియును, లెక్క తెలియదు. త్రోవ నడుమ ఒకరి విద్య నొకరికి ఇచ్చుకొనుటకు ఒప్పుకొనిరి. లెక్క తెలిసిన తోడనే నలుని పట్టియున్న కలి వెలికి పోయెను. ఈ కథను నేను ఇరువదియేండ్లుగా చదువుచున్నాను. దాని అర్థము ఆ బస్సులో కూర్చుండినప్పుడు తెలిసినది. కొడుకు నిలువలేదని తండ్రి కోపము, తండ్రి కదలలేదని కొడుకు కోపము. నేనైనను ఆ రెండు నెలలు ఏమి చేసితిని? ఇద్దరి నడుమ తీగల వలవలె నిలిచి, ఒకరి మాట ఒకరికి చేరవేయుచున్నానని అనుకొంటిని. నేను ప్రక్కకు తొలగినప్పుడే వారు మాటాడుకొనిరి.

ఆ వేసవిలో మా అబ్బాయి లెక్కలలో ఉత్తీర్ణుడై పాలిటెక్నిక్‌లో చేరెను. హైదరాబాదున 2024 ఫిబ్రవరిలో మరల జరుగవలసిన పందెము ఆ జనవరిలోనే రద్దయ్యెను. అందుచే ఆ రెండు దినముల పటములే మాకు మిగిలినవి.

కెమెరా గల సోదరీమణులకు నా విన్నపమొక్కటి. ఇంటిముందు రోడ్డుమీద సైకిలు త్రొక్కు పిల్లవానితో ఈ విద్యను అభ్యసింపుడు. పందెమునకు పోవలసిన పని లేదు. షట్టరు వేగము మొదట నూటయిరువదియైదవ వంతు, చేయి కుదిరిన పిమ్మట అరువదవ వంతు. మొదట నూరు పటములు చెడును, విచారింపకుడు. పిల్లవానిని మాత్రము "కదలకురా" యని గద్దింపకుడు. వాడు తన దారిని పోవుచుండగా, మనమే వానితోపాటు మెల్లగా తిరుగవలెను.